ల్యాండింగ్ తర్వాత ఇంజన్ల హోరు ఒకసారి ఎందుకు వస్తుంది, మరోసారి ఎందుకు రాదు?

మణికొండ ప్రయాణికుడు · ఆదివారం, రాత్రి 9:20

సభ్యులందరికీ నమస్కారం. ఈ మధ్య మా నాన్నగారిని వెంటబెట్టుకుని రెండుసార్లు చెన్నై నుంచి శంషాబాద్‌కు వచ్చాను. మొదటిసారి రాత్రి పదిన్నర దాటింది, బయట జోరువాన. చక్రాలు నేలను తాకాయో లేదో ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తాయి, ఒళ్లు ముందుకు తూలింది, ముందు సీటుకు చెయ్యి ఆనించుకోవాల్సి వచ్చింది. నాన్నగారు నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "దిగినవాడు మళ్లీ లేపుతున్నాడేమిట్రా?" అని అడిగారు. రెండోసారి వచ్చింది మిట్టమధ్యాహ్నం, మంచి ఎండలో. అదే రకం విమానం, అదే విమానాశ్రయం, కానీ ఆ హోరు దాదాపుగా వినిపించలేదు. విమానం నెమ్మదిగా వేగం తగ్గించుకుంటూ చాలా దూరం వెళ్లి పక్కకు తిరిగింది.

పక్క సీటాయన, ల్యాండింగ్‌లో ఇంజన్‌ను వెనక్కి తిప్పుతారని చెప్పారు. నాన్నగారు ముప్పై ఏళ్లు ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసిన మనిషి. ఆ మాట ఆయనకు ఏమాత్రం నచ్చలేదు. "ముందుకు పోతున్న బండికి రివర్స్ గేరు వేస్తే గేరుబాక్సు ముక్కలవుతుంది, అంత పెద్ద ఇంజన్ ఎలా తట్టుకుంటుంది?" అన్నది ఆయన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. అసలు అక్కడ జరిగేదేమిటి? ఒకసారి వాడి మరోసారి వాడకపోవడం పైలట్ ఇష్టమేనా? తెలిసినవారు ఆయనకు చదివి వినిపించేలా వివరంగా రాస్తే సంతోషిస్తాను.

బేగంపేట హ్యాంగర్ · ఆదివారం, రాత్రి 10:45

మీ నాన్నగారి అనుమానం నూటికి నూరుపాళ్లు సరైనది. ఇంజన్ వెనక్కి తిరగదు. ఫ్యాన్, కంప్రెసర్, టర్బైన్, అన్నీ ఎప్పటిలాగే ఒకే దిక్కున తిరుగుతూనే ఉంటాయి. మారేది బయటికి వచ్చే గాలి దారి ఒక్కటే.

నేటి జెట్ ఇంజన్లలో ముందున్న పెద్ద ఫ్యాన్ పీల్చుకునే గాలిలో కొద్ది భాగమే లోపలికి వెళ్లి ఇంధనంతో కలిసి మండుతుంది. మిగిలినదంతా మండకుండానే, ఇంజన్ గుండెకు చుట్టూ ఉన్న వలయాకారపు దారి గుండా వెనక్కి పోతుంది. ఎయిర్‌బస్ ఏ320 నియో విమానాలకు అమర్చే లీప్ ఇంజన్‌లో ఈ నిష్పత్తి సుమారు 11కు 1, అంటే పన్నెండు పాళ్ల గాలి లోపలికి వస్తే పదకొండు పాళ్లు ఈ చల్లని దారిలోనే పోతాయి. థ్రస్ట్ రివర్సర్, అంటే గాలిని ఎదురు తిప్పి విమానాన్ని ఆపే ఏర్పాటు, అడ్డుకునేది ఈ చల్లని గాలినే. పైలట్ లివర్ లాగగానే ఇంజన్ తొడుగు వెనుక సగం పట్టాల మీద జరిగినట్టు వెనక్కి జరుగుతుంది. లోపల పలకలు లేచి గాలి దారిని మూసేస్తాయి. పోవడానికి చోటు లేని గాలి, తొడుగు జరిగిన చోట బయటపడిన జాలీ గుండా పక్కలకు, ముందుకు చిమ్ముతుంది. ఆ జాలీని క్యాస్కేడ్ అంటాం. దగ్గరగా చూస్తే పాత ఇళ్లలోని చెక్క వెంటిలేటర్ రెక్కల్లా వంపు తిరిగిన సన్నని పలకలు వరుసగా ఉంటాయి. ప్రతి పలక వంపూ ఒకేలా ఉండదు. కొన్ని చోట్ల గాలి నేలకు కొట్టి దుమ్ము లేపకుండా, కొన్ని చోట్ల విమానం ఒంటికి తగలకుండా, వాటి కోణాలను వేర్వేరుగా మలుస్తారు. చేత్తో తడిమితే ఆ తేడా తెలుస్తుంది.

గాలి నేరుగా ముందుకు రాదు, ఏటవాలుగా వస్తుంది. పైగా మండిన వేడిగాలి వెనక్కే పోతూ కొంత ముందుకు నెడుతూనే ఉంటుంది. అందువల్ల వెనక్కి లాగే బలం, అదే ఇంజన్ ముందుకు నెట్టగలిగే బలంలో సగం కూడా ఉండదు.

అన్ని ఇంజన్లకూ ఒకే ఏర్పాటు లేదు. పాత ఏ320ల సీఎఫ్ఎం ఇంజన్లకు నాలుగు తలుపులు రేకుల్లా విచ్చుకుంటాయి. నేను పనిలో చేరిన కొత్తలో బేగంపేటకు వచ్చే బోయింగ్ 737-200ల ఇంజన్ చివర రెండు పెద్ద డిప్పలు ఉండేవి. అవి వెనక్కి వచ్చి, రెండు అరచేతులు కలిపి దోసిలి పట్టినట్టు మూసుకుని, వేడిగాలితో సహా మొత్తం ప్రవాహాన్ని ముందుకు తిప్పేవి. 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాద్‌కు తరలిపోయేదాకా రసూల్‌పురా, ప్రకాశ్‌నగర్ వాసులు పగలూ రాత్రీ విన్న హోరు ఇదే.

కుడిసీటు · సోమవారం, ఉదయం 6:10

హ్యాంగర్ గారు యంత్రం సంగతి చక్కగా చెప్పారు. నేను ఏ320లో ఫస్ట్ ఆఫీసర్‌ను (కో-పైలట్‌ను), కాబట్టి కాక్‌పిట్‌లో ఏం జరుగుతుందో రాస్తాను.

నేలకు ఇరవై అడుగుల ఎత్తులో విమానమే "రిటార్డ్" అని పలుకుతుంది. విమానాన్ని నడుపుతున్న పైలట్ ఇంజన్ బలాన్ని పెంచి తగ్గించే థ్రస్ట్ లివర్లను ఐడిల్‌కు, అంటే కనీస బలానికి తెస్తారు, ముక్కును కొద్దిగా ఎత్తి చక్రాలను నేలకు ఆనిస్తారు. ఆనిన వెంటనే లివర్లకు ఉన్న చిన్న పిడులను వేళ్లతో పైకెత్తి, లివర్లను ఐడిల్ గీత దాటించి వెనక్కి లాగుతారు. మొదటి మెట్టు రివర్స్ ఐడిల్, చివరిదాకా లాగితే పూర్తి రివర్స్. ఈలోగా రెక్కల మీద స్పాయిలర్లు, అంటే గాలికి అడ్డు నిలిచే పలకలు, లేచి నిలబడతాయి. రెండో పైలట్ కళ్లు తెర మీదే ఉంటాయి. "స్పాయిలర్స్", "రివర్స్ గ్రీన్", "డిసెల్" అని వరుసగా చదువుతారు. డిసెల్ అంటే వేగం అనుకున్నట్టు తగ్గుతోందని. తొడుగు కదులుతున్నంతసేపూ తెర మీద రివర్స్ అక్షరాలు పసుపురంగులో ఉంటాయి, పూర్తిగా తెరుచుకుంటే పచ్చబడతాయి. ఆ పచ్చరంగు చూడనిదే "రివర్స్ గ్రీన్" అనే మాట నోటి నుంచి రాకూడదు. వేగం తగ్గుతూ వచ్చి "సెవెంటీ నాట్స్" అన్నప్పుడు పూర్తి రివర్స్ నుంచి ఐడిల్‌కు తగ్గిస్తాం. టాక్సీ వేగానికి వచ్చేసరికి రివర్సర్లను మూసేస్తాం.

ఇందులో పైలట్ ఇష్టం అనేదానికి చోటు తక్కువ. ఎంత రివర్స్ వాడాలి, ఏ స్థాయి ఆటోబ్రేక్ (తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు) పెట్టాలి అన్నవి కిందికి దిగడం మొదలుపెట్టకముందే మాట్లాడుకుంటాం. రన్‌వే పొడవు, తడి, గాలి, విమానం బరువు, ఏ టాక్సీవే దగ్గర బయటికి మళ్లాలి, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మీకు వానరాత్రి పూర్తి రివర్స్, ఎండలో ఐడిల్ రివర్స్ అనుభవంలోకి వచ్చాయి. రెండూ ముందుగా నిర్ణయించుకున్నవే అయివుంటాయి.

దిల్‌సుఖ్‌నగర్ మాస్టారు · సోమవారం, సాయంత్రం 5:30

డ్రైవరు గారి కోసం ఒక లెక్క కట్టాను. 60 టన్నుల విమానం 140 నాట్ల వేగంతో, అంటే సెకనుకు సుమారు 72 మీటర్ల వేగంతో నేలను తాకిందనుకుందాం. దాని గతిశక్తి సుమారు 15 కోట్ల 55 లక్షల జౌళ్లు. ఇంటి మీటరు భాషలో 43 యూనిట్ల కరెంటు. నిండుగా ఎక్కిన 15 టన్నుల బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, అలాంటి బస్సులు 75ను ఒకేసారి ఆపినంత పని ఇది. ఏ320కి ఈ బరువు మోసే ప్రధాన చక్రాలు నాలుగే.

ఇక్కడ గమనించవలసిన విషయం, గతిశక్తి వేగవర్గంతో మారుతుంది. 140 నుంచి 70 నాట్లకు రావడంతోనే శక్తిలో ముప్పాతిక భాగం ఖర్చైపోతుంది, మిగిలిన సగం వేగానికి మిగిలేది పావు భాగమే. రివర్స్ థ్రస్ట్ బాగా పనిచేసేది ఆ మొదటి సగంలోనే. ఒకే బలంతో లాగినా, వేగం ఎక్కువగా ఉన్నప్పుడు సెకనుకు హరించే శక్తి ఎక్కువ. దీనికి తోడు, ఇంజన్ మింగే ప్రతి కిలో గాలినీ విమానం తన వేగానికి ఎదురుగా పట్టి ఆపవలసి వస్తుంది. ఆ గాలి మామూలుగా వెనక్కి పోయి ముందుకు నెడితే ఈ నష్టం కనిపించదు. వెనుక దారి మూసేసినప్పుడు ఆ ఈడ్పు అంతా విమానాన్ని ఆపడానికే పనికొస్తుంది.

డ్రైవరు గారు శ్రీశైలం ఘాట్ దిగే ఉంటారు. అక్కడ అదేపనిగా బ్రేకు తొక్కకుండా గేరు తగ్గించి ఇంజన్ చేత బండిని పట్టిస్తారు కదా. విధానం వేరైనా ఉద్దేశం ఒకటే, బ్రేకుల మీద పడే భారాన్ని ఇంకొకరితో పంచుకోవడం.

కొండాపూర్ వాసి · సోమవారం, రాత్రి 8:05

మాస్టారి లెక్క చూశాక నా ఆందోళన ఇంకా పెరిగింది. అంత శక్తిని ఆపాల్సి ఉన్నప్పుడు, చేతిలో ఉన్న సాధనాన్ని సగం సగం వాడడం దేనికి? ఐడిల్ రివర్స్ పేరుతో కంపెనీలు ఇంధనం ఆదా చేసుకుంటున్నాయని నా అభిప్రాయం. నూట ఎనభై మంది ప్రాణాలు లోపల ఉన్నప్పుడు ప్రతి ల్యాండింగ్‌లోనూ పూర్తి రివర్స్ వాడి తీరాలని నియమం పెట్టకూడదా?

కుడిసీటు · సోమవారం, రాత్రి 11:50

మీ ఆందోళన న్యాయమైనది. ఇంధనం, శబ్దం, ఇంజన్ అరుగుదల, ఈ మూడూ కారణాల్లో ఉన్నమాట నిజమే, దాచాల్సిన పని లేదు. రాత్రిపూట చుట్టుపక్కల నివాసాల కోసం ఐడిల్‌కు మించి వాడవద్దనే విమానాశ్రయాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. కానీ పొడి రన్‌వే మీద పూర్తి రివర్స్ వాడితే విమానం తొందరగా ఆగుతుందన్న మీ ఊహ దగ్గరే చిక్కు ఉంది.

ఆటోబ్రేక్ అన్నది బ్రేకును ఫలానా గట్టిగా నొక్కే యంత్రం కాదు. వేగం ఫలానా చొప్పున తగ్గాలి అని మనం అడిగిన దానిని నిలబెట్టే యంత్రం. ఏ320లో "లో" స్థాయి పెడితే వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 1.7 మీటర్ల చొప్పున తగ్గుతుంది, "మీడియం" పెడితే 3 మీటర్ల చొప్పున. రివర్స్ ఎంత ఎక్కువ లాగితే ఆటోబ్రేక్ అంత తక్కువ నొక్కుతుంది. మొత్తం మీద విమానం అదే దూరంలో ఆగుతుంది. మారేది బ్రేకుల వేడి మాత్రమే. 140 నాట్ల నుంచి "లో" స్థాయిలో ఆగడానికి దాదాపు 1,525 మీటర్లు చాలు. శంషాబాద్ ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు.

అంతేకాదు, విమానానికి సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు పొడి రన్‌వే మీద ల్యాండింగ్ దూరాన్ని రివర్స్ లేకుండానే కొలుస్తారు. బయల్దేరే ముందు వేసే లెక్కలో ఆ దూరం, దిగబోయే రన్‌వేలో 60 శాతానికి మించకూడదు. రన్‌వే తడిగా ఉంటుందనుకుంటే మరో 15 శాతం కలపాలి. పొడి రన్‌వే మీద రివర్స్ ఆ లెక్క పైన ఉండే అదనపు భరోసా.

తడి రన్‌వే సంగతి పూర్తిగా వేరు. బ్రేకు ఎంత గట్టిగా పట్టినా, టైరు నేలను పట్టకపోతే ప్రయోజనం ఉండదు. నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే వేగానికి ఒక అంచనా సూత్రం ఉంది. టైరులోని గాలి పీడనానికి వర్గమూలం తీసి, దాన్ని తొమ్మిదితో హెచ్చవేయాలి. 200 పీఎస్ఐ పీడనానికి ఇది 127 నాట్లు అవుతుంది. మేం దిగేది దానికంటే ఎక్కువ వేగంతోనే. అంటే నీళ్లు నిలిచిన రన్‌వే మీద మొదటి కొన్ని సెకన్లు చక్రాలు మా మాట వింటాయన్న నమ్మకం లేదు. టైరుతో, నేలతో సంబంధం లేకుండా పనిచేసేవి రెండే, గాలి ఈడ్పు, రివర్స్. ఆ రాత్రి మీరు విన్న హోరు అందుకే.

మీరు భయపడుతున్న ప్రమాదం ఊహించినది మాత్రం కాదని ఒప్పుకోవాలి. 1999 సెప్టెంబరు 23న బ్యాంకాక్‌లో క్వాంటాస్ బోయింగ్ 747-400 భారీ వర్షంలో రన్‌వే దాటిపోయింది. ఐడిల్ రివర్స్‌తో దిగడం అప్పట్లో ఆ సంస్థలో మామూలు పద్ధతి. చివరి క్షణంలో గో-అరౌండ్ (దిగడం మానుకుని మళ్లీ పైకి లేవడం) మొదలుపెట్టి మానుకున్న గందరగోళంలో రివర్స్ అసలు లాగనేలేదని సిబ్బంది గమనించలేదు. ఎవరి ప్రాణాలూ పోలేదు. పొడి రోజుల అలవాటు వానరోజున కూడా చేతికి అలాగే వస్తుందన్నది అక్కడ బయటపడింది. కాబట్టి నేను మీ నియమాన్ని ఒప్పుకోను కానీ, తడి ఉందన్న అనుమానం వస్తే చాలు, పూర్తి రివర్స్ వాడాలన్న మాటను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

బేగంపేట హ్యాంగర్ · మంగళవారం, ఉదయం 7:30

బ్రేకుల వేడి గురించి ఒక మాట కలుపుతాను. ఏ320లో బ్రేకు ఉష్ణోగ్రత 300 డిగ్రీలు దాటి ఉంటే మళ్లీ టేకాఫ్ చేయకూడదు. అరగంటలో తిరుగు ప్రయాణం ఉన్న విమానానికి మే నెల మధ్యాహ్నం బ్రేకులు చల్లారడం పెద్ద సమస్య. అలాంటప్పుడు కాస్త ఎక్కువ రివర్స్ వాడిన పైలట్‌కు మేం కింద నిలబడి కృతజ్ఞత చెప్పుకునేవాళ్లం. ఇంకో సంగతి కూడా ఉంది. పాత ఉక్కు బ్రేకులు ఎంత వేడెక్కితే అంత అరిగేవి. ఇప్పటి కార్బన్ బ్రేకుల అరుగుదల, ఎన్నిసార్లు నొక్కామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక్కసారి నిలకడగా నొక్కితే వాటికి అంత నష్టం లేదు. ఐడిల్ రివర్స్ వాడకానికి ఇది కూడా తోడ్పడింది.

దుండిగల్ విద్యార్థిని · మంగళవారం, మధ్యాహ్నం 1:15

నమస్కారం సార్. నేను ఏరోనాటికల్ రెండో సంవత్సరం చదువుతున్నాను. మూడు సందేహాలు. ఒకటి, రివర్స్ అంత మంచిదైతే విమానం పూర్తిగా ఆగేదాకా ఎందుకు ఉంచరు? రెండు, గాలిలో ఉండగా పొరపాటున తెరుచుకుంటే? మూడు, మేం విజయవాడ వెళ్లే ఏటీఆర్‌లో జెట్ ఇంజన్ తొడుగు ఉండదు కదా, మరి దానిలో ఎలా?

బేగంపేట హ్యాంగర్ · మంగళవారం, రాత్రి 9:00

చివరి ప్రశ్న సులువు. ఏటీఆర్‌లో ప్రొపెల్లర్ రెక్కల కోణాన్నే మార్చేస్తారు. ఫ్యాన్ రెగ్యులేటర్‌తో వేగం మారినట్టు కాదు, రెక్కే తన ఇరుసు మీద మెలి తిరిగి గాలిని ముందుకు తోస్తుంది.

మొదటి ప్రశ్న. వేగం తగ్గాక, ముందుకు చిమ్మిన గాలిని ఎదురుగాలి వెనక్కి తోసేయలేదు. అది ఇంజన్ ముఖద్వారం దాకా వచ్చి, రన్‌వే మీది ఇసుకతో, రాళ్లతో సహా మళ్లీ లోపలికి పోతుంది. వేడి, కలత చెందిన ఆ గాలికి కంప్రెసర్ ఉక్కిరిబిక్కిరై పెద్ద చప్పుడుతో కొట్టుకుంటుంది. ఒక చిన్న రాయి తగిలి చివర వంకరపోయిన ఫ్యాన్ రెక్కను ఆకురాయితో గంటలకొద్దీ సరిచేసినవాడిగా చెబుతున్నాను, 70 నాట్ల హద్దు ఊరికే పెట్టింది కాదు. ఏ380కి నాలుగు ఇంజన్లున్నా లోపలి రెండింటికే రివర్సర్లు ఉండడానికి కూడా ఇది ముఖ్య కారణం. బయటి ఇంజన్లు రన్‌వే అంచు దాటి మట్టి మీద వేలాడుతూ పోతాయి. ప్రాణాపాయం ఎదురైతే మాత్రం ఈ హద్దు చూడరు, ఆగేదాకా పూర్తి రివర్స్ ఉంచుతారు.

రెండో ప్రశ్నకు జవాబు బాధాకరమైనది. 1991 మే 26న లౌడా ఎయిర్ బోయింగ్ 767 బ్యాంకాక్ నుంచి వియన్నాకు బయల్దేరి పైకి ఎగబాకుతుండగా ఎడమ ఇంజన్ రివర్సర్ తెరుచుకుంది. థాయ్‌లాండ్ అడవుల్లో కూలి 223 మంది చనిపోయారు. గాలిలో ఒక రివర్సర్ తెరుచుకున్నా విమానం అదుపులోనే ఉంటుందని అంతకుముందు నమ్మేవారు. తక్కువ వేగంలో చేసిన పరీక్షలను బట్టి ఏర్పడిన నమ్మకం అది. అధిక వేగంలో ఆ గాలి రెక్క పైనుంచి పోయే ప్రవాహాన్ని చెదరగొట్టి, ఆ వైపు లిఫ్ట్‌నే (రెక్కను పైకెత్తే బలాన్నే) పోగొట్టింది. ఆ తర్వాత, మిగతా వాటితో సంబంధం లేని మూడో తాళం వేయడం మొదలైంది. ఒక తీగ చెడినా, ఒక వాల్వు కారినా ఆ తాళం తెరుచుకోకూడదు.

తాళాలు ఎక్కువైనా ఇబ్బందే. 1993 సెప్టెంబరు 14న వార్సాలో లుఫ్తాన్సా ఏ320 తడి రన్‌వే మీద ముందు ఒక కాలు, అంటే ఒక పక్క ప్రధాన చక్రాలు, ఆనించింది. రెండో కాలు నేలకు ఆనడానికి సుమారు తొమ్మిది సెకన్లు పట్టింది. రెండు కాళ్లూ నొక్కుకుంటేనే నేల మీద ఉన్నట్టని విమానానికి నేర్పారు కాబట్టి, అంతసేపూ రివర్సర్లు తెరుచుకోలేదు. విమానం రన్‌వే దాటి మట్టికట్టను గుద్దుకుంది, ఇద్దరు మరణించారు. గాలిలో తెరుచుకోకూడదు, నేల తాకగానే తెరుచుకోవాలి. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది మా వృత్తిలో అత్యంత కష్టమైన ప్రశ్నల్లో ఒకటి. మీరు చదువు పూర్తిచేసి వచ్చేసరికి కూడా అది ఉంటుంది.

నిర్వాహకురాలు · బుధవారం, ఉదయం 10:00

మంగళూరు ప్రమాదంపై వచ్చిన కొన్ని వ్యాఖ్యలను తొలగించాను. చనిపోయిన పైలట్లను నిందించే మాటలు వద్దు. రివర్స్ థ్రస్ట్‌కు సంబంధించి విచారణలో తేలిన విషయం వరకు ఎవరైనా రాయవచ్చు.

కుడిసీటు · బుధవారం, రాత్రి 10:20

నిర్వాహకురాలికి ధన్యవాదాలు. ఆ విషయం రాయడం అవసరమనే అనుకుంటున్నాను, ఎందుకంటే మాకు శిక్షణలో అన్నిటికంటే గట్టిగా నాటే పాఠం అదే.

2010 మే 22న దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737-800, మంగళూరులో సుమారు 2,450 మీటర్ల రన్‌వే మీద దాదాపు 1,585 మీటర్లు దాటాక నేలను తాకింది. రివర్సర్లు తెరిచారు. ఆ తర్వాత మళ్లీ పైకి లేవడానికి ప్రయత్నించారు. 158 మంది మరణించారు. ప్రమాదానికి మూలం రన్‌వేకు చేరిన తీరులో ఉంది, దాని జోలికి నేను పోను. రివర్స్ లాగిన తర్వాత మళ్లీ గాలిలోకి లేవాలని చూడకూడదన్న నియమం ఎందుకు ఉందో మాత్రం చెబుతాను. తెరుచుకున్న తొడుగు మూసుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఒకటి మూసుకుని రెండోది మూసుకోకపోతే విమానం ఒక పక్కకు ఈడ్చుకుపోతుంది. మూసుకున్నాక ఇంజన్ పూర్తి బలానికి రావాలి. ఈలోగా రన్‌వే కరిగిపోతూనే ఉంటుంది, బ్రేకులు కూడా వదిలేసి ఉంటారు. అందువల్ల ఆ పిడులు పైకెత్తిన క్షణంతో గో-అరౌండ్ అనే దారి మూసుకుపోయినట్టే లెక్క. నేను ప్రతి ల్యాండింగ్‌లోనూ ఆ పిడుల కింద వేళ్లు పెట్టేముందు, ఇక ఆగడమే అని లోపల ఒకసారి అనుకుంటాను.

పక్కగాలి ఉన్నప్పుడు ఇంకో జాగ్రత్త. విమానం ముక్కు గాలివైపు తిరిగి ఉంటే రివర్స్ బలం కూడా ఏటవాలుగా లాగి, విమానాన్ని రన్‌వే అంచుకు తీసుకుపోతుంది. అప్పుడు చేయవలసింది మనసుకు ఎదురీదే పని. రివర్స్‌ను ఐడిల్‌కు తగ్గించాలి, బ్రేకులు వదలాలి, మధ్యగీత మీదికి తెచ్చుకున్నాకే మళ్లీ లాగాలి. ఆపాలని తపించే కాలు, చెయ్యి రెండూ దీనికి ఒప్పుకోవు. సిమ్యులేటర్‌లో పదేపదే చేస్తే తప్ప రాదు.

మణికొండ ప్రయాణికుడు · గురువారం, రాత్రి 9:10

నాన్నగారికి రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇవన్నీ చదివి వినిపిస్తున్నాను. ఘాట్ రోడ్డు పోలిక విని ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన అడగమన్న ప్రశ్న ఇది: "ఒక ఇంజన్‌కు ఈ రివర్సు పనిచేయకపోతే బండిని డిపోలో నిలబెడతారా, తీస్తారా?"

బేగంపేట హ్యాంగర్ · శుక్రవారం, ఉదయం 6:45

తీస్తారు. రివర్సర్ తెరుచుకోకుండా తాళం వేసి, పిన్ను బిగించి, లాగ్‌బుక్‌లో రాసి, కాక్‌పిట్‌లో చీటీ అంటించి, నిర్ణీత రోజుల్లోగా బాగుచేయాలన్న షరతుతో పంపవచ్చు. కుడిసీటు గారు చెప్పినట్టు పొడి రన్‌వే లెక్కలో రివర్స్ ఎలాగూ లేదు కాబట్టి ఇది ప్రమాదకరమైన రాజీ కాదు. ప్రమాదం ఇంకోచోట ఉంది, చేతి అలవాటులో.

2007 జులై 17న బ్రెజిల్‌లోని సావో పాలో నగరం నడిబొడ్డున ఉన్న కాంగోన్యాస్ విమానాశ్రయంలో టామ్ సంస్థ ఏ320 దిగింది. రన్‌వే 1,940 మీటర్లు, తడిగా ఉంది. కుడి ఇంజన్ రివర్సర్‌కు అప్పటికే తాళం వేసి ఉంది. ఎడమ లివర్ రివర్స్‌లోకి వచ్చింది, కుడి లివర్ మాత్రం క్లైంబ్ (ఇంజన్ ముందుకు నెట్టే) స్థానంలోనే ఉండిపోయింది. ఒక లివర్ ముందుకు ఉంది కనుక స్పాయిలర్లు లేవలేదు, ఆటోబ్రేక్ పట్టలేదు. ఒక ఇంజన్ ఆపుతుంటే మరొకటి నెడుతోంది. 199 మంది మరణించారు. ఇలాంటి పొరపాటు జరగకూడదనే ఒక రివర్సర్ పనిచేయకపోయినా రెండు లివర్లనూ కలిపే రివర్స్‌లోకి లాగమంటారు. తాళం వేసిన ఇంజన్ ఐడిల్‌లోనే ఉండిపోతుంది, నష్టమేమీ లేదు. చేతికి ఒకే అలవాటు మిగులుతుంది.

పిన్ను బిగించాక మేం తొడుగును చేత్తో తట్టి చూసి, ఇంకొకరిని పిలిచి చూపించి, ఇద్దరం సంతకాలు చేసేవాళ్లం. డ్రైవరు గారికి ఈ పద్ధతి కొత్త కాదనుకుంటాను.

దిల్‌సుఖ్‌నగర్ మాస్టారు · శుక్రవారం, సాయంత్రం 6:00

మన ఊరికి సంబంధించిన ఒక సంగతి ఎవరూ రాయలేదు. శంషాబాద్ సముద్రమట్టానికి సుమారు 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో 40 డిగ్రీల ఎండలో అక్కడి గాలి సాంద్రత, సముద్రమట్టాన 15 డిగ్రీల దగ్గర ఉండే సాంద్రతలో సుమారు 85 శాతమే. పైలట్ ముందున్న మీటరు 140 నాట్లు చూపుతున్నా, గాలి నిలకడగా ఉంటే నేల మీద అసలు వేగం 151 నాట్ల దాకా ఉంటుంది. శక్తి వేగవర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆపవలసిన శక్తి దాదాపు 16 శాతం ఎక్కువ. పలచని గాలిలో ఫ్యాన్ పట్టే గాలి బరువూ తక్కువే, అంటే రివర్స్ బలమూ తగ్గుతుంది. ఆపవలసింది పెరిగి, ఆపే బలం తగ్గే చోట మనం ఉన్నాం. విశాఖలో సముద్రం పక్కన దిగే విమానానికి ఈ ఇబ్బంది ఇంతగా ఉండదు. 4,260 మీటర్ల రన్‌వే ఉన్న ఊరికి ఇదేమీ భయపడవలసిన విషయం కాదు, లెక్కలో ఉండవలసిన విషయం.

కుడిసీటు · శుక్రవారం, రాత్రి 11:30

మాస్టారు చెప్పింది మేం రోజూ చూస్తాం. ల్యాండింగ్ దూరం లెక్కకు ఉష్ణోగ్రత, ఎత్తు రెండూ ఇస్తాం. వేసవి మధ్యాహ్నం వచ్చే జవాబుకూ జనవరి తెల్లవారుజామున వచ్చే జవాబుకూ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

మణికొండ ప్రయాణికుడు · తరువాతి ఆదివారం, రాత్రి 10:15

ఈరోజు నాన్నగారితో మళ్లీ ప్రయాణం చేశాను. రెక్కకు కాస్త ముందున్న వరుసలో కిటికీ సీటు అడిగి తీసుకుని ఆయన్ను కూర్చోబెట్టాను. దిగేసరికి సన్నగా చినుకులు పడుతున్నాయి. చక్రాలు తాకిన మరుక్షణం తొడుగు వెనుక భాగం గుప్పెడు వెడల్పున, తర్వాత మూరెడు వెడల్పున వెనక్కి జరిగి, లోపలి జాలీ నల్లగా బయటపడింది. తడి నేల మీది నీళ్లు తెల్లని పొగలా లేచి ఇంజన్ పక్కనుంచి ముందుకు ఎగిశాయి. హోరు మొదలైంది. నాన్నగారు ఈసారి నా చెయ్యి పట్టుకోలేదు. కిటికీకి నుదురు ఆనించి, ఆ నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చున్నారు. హోరు తగ్గి తొడుగు మెల్లగా మూసుకుంటుంటే, "డెబ్బైకి వచ్చినట్టున్నాడు" అన్నారు.